రెండో బంతి

సుగుణా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మన ఇంటి ముందు పందిరి వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టాను. నెల్లూరు బస్సు రాక పాస్టరుగారు రాలేకపోయారు. పెద్దలు నన్నే వాక్యం చెప్పమన్నారు.

దేవుడు లోకాన్ని ప్రేమించాడన్న మాట తీసుకున్నాను. లోకమంటే మన సంఘం మాత్రమే కాదనీ, ఆయన పేరు తెలియనివాళ్లు కూడా అందులో ఉన్నారనీ, ఆ ప్రేమ ఎవరి అర్హతా అడగదనీ చెప్పాను. బాగా చెప్పానని నాకే అనిపించింది.

తర్వాత విస్తళ్లు వేశారు. నీ జబ్బులో రోజూ వచ్చి నీ తల దువ్విన పోలమ్మ, చేపలు పట్టేవాళ్ల పాలెం నుంచి వచ్చిన ఆడవాళ్లతో వరస చివర కూర్చోబోయింది. సంఘపెద్ద నా వైపు చూశాడు. నేనే లేచి వెళ్లి, "మొదట సంఘం వాళ్లు తింటారు పోలమ్మా, మీరు రెండో బంతికి కూర్చోండి" అన్నాను.

ఆమె నవ్వింది. "అట్నే కానీ అయ్యా. మీ దేవుడు ప్రేమించిన లోకం కాసేపు ఎండలో నిలబడుంటాదిలే. ఆయమ్మ ఉంటే మమ్మల్ని పక్కన కూచోబెట్టుకునేది."

పాలెం ఆడవాళ్లంతా నవ్వారు.

మొదటి బంతిలో నేను తినలేకపోయాను. రెండో బంతిలో వెళ్లి నిలబడితే పోలమ్మ జరిగి చోటిచ్చింది. అప్పటికి చేపల పులుసులో ముక్కలు అయిపోవచ్చాయి. తన విస్తట్లో పడిన ఒక్క ముక్కా తీసి నా విస్తట్లో వేసింది.

"తిను అయ్యా. మాకు చేపలు కొత్తా?"

తల ఎత్తకుండా తిన్నాను.