సోమవారం మొదటి మాట

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మీ బావా, నేనూ ఈ పూటకి బాగానే ఉన్నాం. మరదలి నడుంనొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. ఇంకొన్నాళ్లు బరువులెత్తనివ్వకు.

నువ్వు పనిలో పదిమందికి పెద్దవాడివయ్యావని చదివి నవ్వుకున్నాను. చిన్నప్పుడు నలుగురిలో నోరు విప్పమంటే నా వెనక దాక్కున్నవాడివి! మీటింగు పెడితే గంటన్నర సాగుతోందనీ, ఏదీ తేలడం లేదనీ, నేనెలా నడుపుతానో చెప్పమనీ అడిగావు.

మా లాండ్రీలో ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి, దుప్పట్లు మడతపెట్టే బల్ల చుట్టూ నిలబడే మాట్లాడుకుంటాం. కూర్చుంటే మాటలు కూడా చాప పరుచుకుని పడుకుంటాయి. బల్ల మీద ఒక అలారం గంట పెడతాను. పది నిమిషాలకి అది మోగితే ఎవరి మాటైనా అక్కడే ఆగాలి. మూలల్లో గొణుగుళ్లు కుదరవు. "ఏదున్నా సోమవారం బల్ల దగ్గరే చెప్పాలి" అని రాసి గోడకి అంటించాను. గొణుగుళ్లు ఆగాయి. యజమాని మెచ్చుకున్నాడు. నాకూ కాస్త తలకెక్కింది.

ఇక మాట్లాడనివాళ్లచేత మాట్లాడించడం ఎలా అన్నావు. దానికి జవాబు రాద్దామని మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను, కలం కదలడం లేదు. నీ దగ్గర దాపరికమెందుకు, చెప్పేస్తాను.

మా బాయిలర్ తాత ముప్ఫై ఏళ్లుగా ఆవిరి చూసుకునే మనిషి. ఆయన మాటకీ మాటకీ మధ్య ఒక కునుకు తీయొచ్చు. మొన్న సోమవారం అందరూ అయ్యాక గొంతు సవరించుకుని, "వెనక గోడవైపు... ఆ ఆవిరి వదిలే వాల్వు..." అన్నాడు. గంట మోగింది. "తాతా, వచ్చే సోమవారం మొదటి మాట నీదే" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మీటింగు పుస్తకంలో "ఇతర విషయాలు ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టాను.

మంగళవారం నుంచి బాయిలర్ గదిలో సన్నటి ఈల. బుధవారం ఇస్త్రీ హాల్లో కాళ్లకింద నేల వణికింది. అందరూ తలెత్తి, గోడ మీది నా కాగితం వైపు చూసి మళ్లీ పనిలో పడ్డారు. నిన్న గేటు దగ్గర తాతని ఆపి, "ఏంటి తాతా ఆ చప్పుడు?" అన్నాను.

"సోమవారం చెబుతాలే తల్లీ. మొదటి మాట నాదేనన్నావుగా."

వెక్కిరింపు కాదురా, నిజంగానే అన్నాడు. అక్కడే నిలబెట్టి అడిగితే నా కాగితాన్ని నేనే చింపుకున్నట్టవుతుందని, "సరే" అని ఇంటికొచ్చేశాను. నేను ఒప్పుకోవలసింది ఇదే. భయం కన్నా పరువే ఎక్కువైంది నాకు.

ఇవాళ శుక్రవారం. నాకు సెలవు, మీ బావకి లేదు. ఆయన ఇస్త్రీ బల్లకీ బాయిలర్‌కీ మధ్య ఒక్క గోడే అడ్డం. రోడ్డుకి ఇవతల, మా కిటికీ దగ్గర కూర్చుని రాస్తుంటే ఆ ఈల ఇక్కడికీ వినిపిస్తోంది. పొద్దున వినిపించలేదు.

నీకు జవాబు ఇదేరా: నిదానంగా మాట్లాడేవాడిని ముందు మాట్లాడించు. గంటని అటకెక్కించు. ప్రమాదం సోమవారం దాకా వరసలో నిలబడదు.

చెప్పులు వేసుకున్నాను. ముందు మీ బావనీ, ఆ హాల్లో వాళ్లందరినీ బయటికి రప్పిస్తాను. తర్వాత తాత చెప్పేది చివరిదాకా వింటాను, పొద్దు గుంకినా సరే.

తమ్ముడూ, ఈల ఇప్పుడే ఆగిపోయింది. బయటికి రావడం మానేసిన ఆవిరి ఎటు పోతుందో తాత ఒక్కడికే తెలుసు. నేను అడగలేదు.

ఇట్లు,
పరిగెత్తుతున్న
నీ అక్క