పడకగదిలో పదకొండు దుంగలు

ఇల్లందు పక్క తండా,
సోమవారం

ఖమ్మం దవాఖానాల కూసొని అందరి బాధలు వినే మేనకోడలు శ్రావణికి బలరాం మామ రామ్ రామ్. ఇక్కడ అందరం బాగున్నమని రాద్దామనుకున్న, అబద్ధమెందుకని ఆపిన.

గుండె దడ తగ్గలే. పెంకుటిల్లు ఇడిసి కొత్త స్లాబు ఇంట్లకొచ్చిన కాడినుంచి ఇదే తిప్పలు. నడుం వాల్చంగనే ఛాతిల డప్పు కొడుతున్నట్టయితది, ఒళ్లంత చెమట. మూడుసార్లు ఈసీజీ తీసిండ్రు, నార్మలట. సొరంగం లెక్కుండే స్కానింగ్ మిషన్ల పండపెడితే కప్పు మీదికి దిగుతున్నట్టయి బయటికి దుంకిన. డాక్టరు నవ్విండు. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల కప్పు కొట్టి చూసి కూలీలను లోపలికి పంపే సర్దార్‌గ చేసిన నన్ను జూసి నవ్వుతడా?

నేను పోతనేమో కోడలా. మీ మంగ్లి అత్త ఈ ఇంటికోసం పదేండ్లు ఎదురుచూసింది. నాతోటి ఆమెకు గూడ వాకిట్ల పడకే గతయింది.

ఇట్లు,
నిద్రలేని మామ

తా.క.: ఫోన్ చెయ్యకు. మోగితే దడ. బాయిల ఫోన్ మోగి మంచి కబురు చెప్పింది ఎన్నడన్న ఉన్నదా? ఉత్తరం బస్సు కండక్టర్ ప్రమీల చేతికియ్యి.

* * *

ఖమ్మం,
బుధవారం

మామా, రామ్ రామ్.

నీ రిపోర్టులన్నీ మా పెద్ద డాక్టరుగారికి చూపించాను. గుండె గట్టిగా ఉంది. అలాగని నీ దడ అబద్ధం కాదు. మనసులో ఏదైనా భయం దాక్కుంటే అది ఒంటి మీదికే వస్తుంది. గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, నిద్ర పట్టదు. ఇలాంటివాళ్లు రోజుకు పదిమంది నా దగ్గరికి వస్తారు.

దడ ఎక్కడ, ఎప్పుడు వస్తోందో రాసి పంపు. ఈలోగా ఏం చేస్తే నీకు ధైర్యంగా ఉంటుందో అది చెయ్యి.

ప్రేమతో,
శ్రావణి

తా.క.: నేను పిచ్చాసుపత్రిలో పనిచేయడం లేదు. ఈ ముక్క తండాలో కాస్త గట్టిగా చెప్పు.

* * *

తండా,
శనివారం

కౌన్సెలరమ్మకు,

మనసట, మనసు! నీ ఉత్తరం ప్రమీల చదివింది, ఆమె తర్వాత బస్సంత చదివింది. దిగేటప్పుడు డ్రైవర్ "మామా, మనసు పైలం" అన్నడు. మామ అంటే నీకింత అలుసయిండా?

అడిగినవ్ గాబట్టి రిపోర్టు రాస్తున్న. మొదటి షిఫ్టు: కొత్త ఇంట్ల కూసున్న, దడ ఉన్నది. రెండో షిఫ్టు: వేపచెట్టు కింద, దడ లేదు. బర్రెల కొట్టంల లేదు. బ్యాంకుల ఉన్నది. బస్సుల లేదు, పైన రేకే గదా.

దీంతోటి తేలిందేందంటే, రోగం నాది గాదు, స్లాబుది.

నా సర్దార్ కర్ర తీసి కప్పంత కొట్టి చూసిన. మంచి కప్పయితే ఖంగుమంటది. ఒక మూలకు డొల్లగ మోగింది. ధైర్యమొచ్చే పని చెయ్యమన్నవ్ గదా, చేసిన. బాయిల కప్పుకు ఆసరా పెట్టినట్టు పడకగదిల పదకొండు దుంగలు నిలబెట్టిన.

ఇట్లు,
పిచ్చిలేని మామ

తా.క.: దుంగల నడుమ మంచం పట్టలే. "నన్ను బాయిల పనిచేసేటోనికి ఇచ్చిండ్రనుకున్న, బాయికే ఇచ్చిండ్రని ఇయ్యాల తెలిసింది" అని మీ అత్త సంచి సర్దింది. నీ తానికే వస్తున్నది.

* * *

ఖమ్మం,
మంగళవారం

మామా,

అత్త క్షేమంగా చేరింది. రెండు రోజులుగా మా గదిలో నిద్రపోతూనే ఉంది, పాపం.

నీ ఇల్లు కట్టిన మేస్త్రీ హీరాలాల్‌తో మాట్లాడాను. ఆ మూలలో ప్లాస్టరింగ్ పొక్కిందట, స్లాబుకు ఏమీ కాలేదట. పదకొండు దుంగల సంగతి వినగానే చాలా బాధపడ్డాడు.

ఒకటి అడుగుతాను, కోపగించుకోకు. నువ్వు రిటైరయ్యే ముందు నెలలో, బాయిలో నీ కింద పనిచేసే రెడ్యా మీద కప్పు కూలిందని అత్త చెప్పింది. ఆ తర్వాత నువ్వు ఒక్కసారి కూడా అతని పేరెత్తలేదట. ఎందుకు మామా?

నీ
శ్రావణి

తా.క.: ప్రమీలక్కా, దయచేసి ఈ ఉత్తరం చదవకు.

* * *

తండా,
సోమవారం

కోడలా,

ఆ కప్పు కొట్టి చూసింది నేనే. ఖంగుమన్నది. పని చేస్కోమన్న. గంటకు కూలింది, రెడ్యా కాలు పోయింది. రెండేండ్లాయె, వాని ముఖం చూసే ధైర్యం లేకపాయె. వాడు తిడుతుంటడని, వాని పిల్లలు శాపం పెడుతుంటరని అనుకున్న.

ఇది నీకే రాద్దామని నిన్న ఇల్లందుల కాయితం కొనుక్కొని తిరుగు బస్సెక్కిన. నా స్టేజీల బస్సు ఆగలే. అరిచిన. ఆగలే. రెడ్యా తండా కాడ ఆపి ప్రమీల "దిగు" అన్నది. నీ ఉత్తరం చదివిందని అప్పుడే సమజయింది.

ఇప్పచెట్టు కింద మంచమేస్కొని ఉన్నడు రెడ్యా, పక్కన ఊతకర్ర. వెనకాల కొత్త స్లాబు ఇల్లు. వాడు గూడ రెండేండ్ల సంది దాంట్ల పండుకోలేదట! నన్ను జూసి, "ఇంతాలస్యమా సర్దారూ? నా కప్పు కొట్టి చెప్పు. ఇంకెవడు చెప్పినా నమ్మ" అన్నడు.

"ఆనాడు తప్పు చెప్పిన గదరా" అన్న.

"ముప్పై ఏండ్లు సరిగ్గ చెప్పినవ్. నీ మాట మీద దిగి ఎందరం పైకొచ్చినమో లెక్కున్నదా? ఆనాడు అబద్ధమాడింది రాయి, నువ్వు గాదు."

ఊతకర్ర తీస్కొని మూలమూల కొట్టిన. ఖంగుమన్నది. "పండుకోరా" అన్న. వాడు లోపలికొచ్చి పండుకొని గురక పెట్టిండు. పైలమని చూస్కుంట వాని పక్కన నేల మీద ఒరిగిన. లేచేసరికి ఆఖరి బస్సు పోయింది. స్లాబు కింద నాలుగు గంటలు పండుకున్న కోడలా, నేను!

ఇట్లు,
నీ మామ

తా.క.: పది దుంగలు పీకిన. పదకొండోది ఉండనియ్యి, దడ ఇంకా అప్పుడప్పుడు వస్తున్నది. బట్టల తాడు కట్టుకోను పనికొస్తదని చెప్పి మీ అత్తను జల్దీ తోలియ్యి.

ఇంకొకటి: ఇది ప్రమీల ముందటనే రాస్తున్న. తన మోకాలి నొప్పి గూడ మనసుదేనా, అడుగుమంటున్నది. జవాబు విడిగ కవర్ల పెట్టి అతికియ్యాల్నట, ఆమె ఉత్తరం ఎవరూ చదవొద్దట.