ఈశ్వరయ్య చదివిపెట్టవలసిన ఉత్తరం

చంద్రపూర్,
12 మే 2025

చిరంజీవి ప్రజ్ఞకు,

తాత సారయ్య దీవెనలు. ఇక్కడ ఎండా, నా బీపీ పోటీ పడుతున్నాయి. మిగతా అంతా క్షేమం. నాగపూర్‌లో నువ్వు వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను.

మరాఠీ బడిలో చదివినదానివి, నీకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. కాబట్టి ఈ ఉత్తరం నీ దగ్గరే ఉన్న మీ అమ్మ తండ్రి ఈశ్వరయ్య చేత చదివించుకో. ఆయనకు నువ్వు ఆపరేషన్ చేయని రెండో కంటికి రుమాలు కట్టి మరీ చదివించు. ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఒక్క మాట కూడా మింగనివ్వకు.

నువ్వు చేసిన పని గురించి దొరికినంతా చదివాను. వెనకట కార్నియా, అదే కంటి ముందుండే అద్దంలాంటి పొర, చెడితే మొత్తం మందం గుండ్రంగా కోసి తీసి, దాత కార్నియా పెట్టి చుట్టూ కుట్లు వేసేవారట. నువ్వు చెడిన లోపలి పొర ఒక్కటే తీశావు. దాత ఇచ్చిన పొర ఉల్లిపొర కంటే పలచన, చాపలా చుట్టుకుపోతుంది. దానికి నీలిరంగు అద్ది, సన్నని గాటులోంచి పంపి, పైనుంచి తట్టి తట్టి విప్పావు. కింద గాలిబుడగ నింపి అతికించావు. సాస్తి బొగ్గు గనిలో మందు పెట్టి బండలు పేల్చినవాడి మనవరాలివి! మీ పెద్ద డాక్టర్ చేతులు కట్టుకొని చూస్తూ నిలబడ్డారని గల్లీ అంతా చెప్పాను. రెండుసార్లు విన్నవాళ్ళూ ఉన్నారు.

ఇక ఈశ్వరయ్య సంగతి. విసాపూర్‌లో కిరాణా కొట్టు నడిపినన్నాళ్ళూ నేను చదివే పుస్తకాలను చూసి నవ్వాడు. మీ అమ్మానాన్నల పెండ్లిలో పదిమంది ముందు, ‘సారయ్య బావా, నీ బుక్కులు పల్లీల పొట్లాలకు మంచిగుంటయి, కిలో లెక్కన తీస్కుంట’ అన్నాడు. నువ్వు డాక్టర్ చదువుతానంటే, ‘ఆడపిల్లకు గన్నేండ్ల సదువేంది, గల్లపెట్టె కాడ కూసోబెట్టు’ అన్నాడు. ఆ ఆడపిల్లే గాలిబుడగ కదలకూడదని ఆయన్ను వెల్లకిలా పడుకోబెట్టిందట. జన్మంతా మనుషులను కిందికి చూసినవాడు పైకప్పును చూస్తూ పడుకున్నాడంటే, ఆ ఒక్క ముచ్చట కోసమైనా నేను రావలసింది.

త్రాసు మీద ఆయన బొటనవేలు ఎప్పుడూ ఉండేదని విసాపూర్ అంతా చెప్పుకునేది. ఆగకు ఈశ్వరయ్యా, చదువు.

నిన్ను చూసి తలెత్తుకు తిరిగే
మీ తాత,
సారయ్య

తా.క. బావా, ఇది నీకు. పిల్ల ఫోన్‌లో ఏడ్చింది. పొర చక్కగా అతికిందని మిషన్ చెప్తుందట గాని, నీకెంత కనిపిస్తున్నదో నువ్వే చెప్పాలట. నువ్వేమో వరుసలో ముందున్నవాళ్ళు చదివింది విని, గోడ మీది హిందీ చార్టు బట్టీ పట్టి, నర్సు చూపించకముందే అప్పజెప్తున్నావట. చార్టు మారిస్తే ఇంగ్లీషు రాదంటున్నావట. పిల్ల పేరు చెడొద్దని ఈ అబద్ధం ఆడుతున్నావు. నీ అబద్ధాల్లో నేను లెక్క కట్టనిది ఇదొక్కటే. కానీ కనిపించకపోతే అది ఆమెకు ఇప్పుడే తెలియాలి.

అందుకే నువ్వు బట్టీ పట్టలేనిది, నీ అంతట నువ్వు కల్పించి చదవనిది రాశాను. పైనుంచి కిందికి అక్షరాలు చిన్నవి చేస్తూ వచ్చాను. ఇక్కడిదాకా వచ్చావంటే పిల్ల పని నిలబడింది.

వెంటనే ఫోన్ చేసి తిట్టు. ఏ మాటకు తిట్టావో చూసుకుంటాను. ఉత్తరం అందే రోజు ఫోన్ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటాను. నువ్వు మర్యాదగా మాట్లాడితేనే నాకు భయం.