మైకు ముందు మినహాయింపు

అక్టోబర్ 22, బుధవారం. కార్తీక పాడ్యమి

మొదలుపెట్టేశాను! ఇవాళ్టి నుంచి కార్తీక మాసమంతా మౌనవ్రతం!

నిన్న సాయంత్రం ఫిల్మ్‌నగర్ గుళ్లో ప్రవచనం విన్నాను. "పొద్దున లేచింది మొదలు మాట్లాడేవాడికి తన మాట తనకే వినపడదు" అన్నారు ప్రవచనకర్త. నన్ను చూసే అన్నట్టనిపించింది. ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగమే మాట్లాడటం. డబ్బింగ్ ఆర్టిస్టుని. తెలుగు రాని హీరోయిన్లు తెర మీద నా గొంతుతోనే ప్రేమిస్తారు, అలుగుతారు, ఏడుస్తారు. స్టూడియోలో వాళ్ల మాటలు, ఇంటికొస్తే నా మాటలు. నోటికి సెలవన్నదే లేదు.

ఒకే ఒక్క మినహాయింపు. మైకు ముందు మాట్లాడవచ్చు. అది నా మాట కాదు, హీరోయిన్ మాట. లెక్కలోకి రాదు.

కాస్త స్వార్థమూ ఉంది. నేను వరసగా నాలుగు సినిమాలకు గొంతిచ్చిన హీరోయిన్‌కి ఐదో సినిమా డబ్బింగ్ దగ్గర పడింది. ఇంకా కబురు రాలేదు. వచ్చేలోపు గొంతుకు విశ్రాంతి. పుణ్యానికి పుణ్యం!

సంగతి పలక మీద రాసి ఇంట్లో అందరికీ చూపించాను. అత్తయ్య అనసూయమ్మగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.

"మహత్తరమైన సంకల్పం తల్లీ! నెల సరిపోతుందా? మాఘం దాకా పొడిగించుకో."

ఆ ఆనందం మరీ అంత అవసరమా అని అడగబోయి నోరు మూసుకున్నాను. తొలి విజయం!

అక్టోబర్ 23, గురువారం

అద్భుతం! మన ఇంట్లో ఇన్ని చప్పుళ్లున్నాయా? ఫ్రిజ్ మూలుగుతుంది. కుక్కర్ కూత పెట్టేముందు చిన్నగా నిట్టూరుస్తుంది. అమ్మాయి హరిణి స్నానాల గదిలో పాడుతుంది, అదీ బాగా పాడుతుంది! డిగ్రీ మూడో ఏడుకొచ్చిన పిల్ల పాట నేనిన్నాళ్లూ వినలేదు. తలుపు బయట నిలబడి "గీజర్ ఆపావా?" అని నేను అరుస్తూ ఉండేదాన్ని కదా మరి.

రాత్రి భోజనాల దగ్గర పప్పులో ఉప్పెక్కువైంది. కనుబొమ్మ ఎత్తి మావారి వైపు చూశాను, అంతే. రఘునందన్‌గారి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నీకు తెలిసిపోయిందా?"

ఏం తెలియాలో తెలియక అలాగే చూశాను.

"సరే, ఒప్పుకుంటున్నా. శనివారం ఒంటిపూట భోజనమని ఆ ఏడుకొండలవాడికి మొక్కుకున్నమాట నిజమే. ఆఫీసు నుంచి వస్తూ టోలిచౌకిలో కబాబులు తిన్నమాటా నిజమే. రెండుసార్లే పద్మా! మూడు."

మౌనానికి ఇంత శక్తా! ఇరవై ఏళ్లుగా నోరు పెట్టుకుని ఏం సాధించాను నేను?

అక్టోబర్ 24, శుక్రవారం

రావలసిన పార్సిల్ రాలేదు. కొరియర్ వాళ్లకు ఫోన్ చేశాను. అంకెలు నొక్కితే చాలు కదా, మాట్లాడే పనేముంది?

"నమస్కారం! మీ సమస్య ఏమిటో చెప్పండి" అంది ఫోన్.

ఆ గొంతు నాదే! ఎప్పుడో రికార్డింగ్ చేసిచ్చాను, మర్చిపోయాను. ఊరుకున్నాను.

"క్షమించండి, మీరు ఏమీ మాట్లాడలేదు. దయచేసి మాట్లాడండి" అన్నాను నాతో నేను. ఎంత తియ్యగా అడిగానో! కాస్త ఉంటే జవాబు చెప్పేసేదాన్నే. "మీ నుంచి స్పందన లేనందున ఈ కాల్ ముగిస్తున్నాం" అని నేనే నా ఫోన్ పెట్టేశాను.

కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వు లెక్కలోకి రాదు. అందులో అక్షరాలు లేవు.

అక్టోబర్ 25, శనివారం. నాగులచవితి

చిన్న వివాదం. నోటితో మాట్లాడటం లేదని ఇంటి వాట్సాప్ గ్రూపులో కాసిని మెసేజీలు పెట్టాను. చిమ్మిలి చేశానని. పంచె ఆరేయమని. ఆరేసిన పంచె సరిగ్గా ఆరేయలేదని. అత్తయ్య ఫోన్ నా ముందు పెట్టి కళ్లద్దాలు సర్దుకున్నారు.

"నోరు మూసి వేళ్లు విప్పితే అది మౌనమెలా అవుతుంది పద్మా? మాట నోట్లో పుట్టదే. అడుగునెక్కడో పుడుతుంది, దాన్ని పర అన్నారు పెద్దలు. బొడ్డు దగ్గరికొచ్చేసరికి రూపు కడుతుంది, పశ్యంతి. గుండెలో అక్షరాలవుతుంది, మధ్యమ. నోట్లోంచి బయటపడితే వైఖరి. మనమంతా ఆ చివరి మెట్టు మీదే బతికేస్తున్నాం. ఫోన్లొచ్చాక అదీ దిగి వేళ్ల మీదకొచ్చాం. లోపలేం పుడుతోందో చూసుకోమని కదూ మౌనం?"

ఎంత బాగా చెప్పారు! అత్తయ్యకు ఇంత తెలుసని నాకు తెలియదు. మెసేజీలు బంద్. అత్యవసరమైతే తప్ప.

సాయంత్రం: పాలు పొంగడం అత్యవసరమే.

అక్టోబర్ 27, సోమవారం

ఎలా రాయను?

మధ్యాహ్నం బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. హరిణి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"అమ్మా, నువ్వు మధ్యలో అడ్డు రావు కాబట్టి ఇవాళే చెప్పేస్తున్నా. తిరుమలేశ్ మావయ్య స్టూడియోలో వాయిస్ టెస్ట్ ఇచ్చాను. సరదాకే వెళ్లానమ్మా. నన్ను తీసుకున్నారు."

తిరుమలేశ్ మా డబ్బింగ్ ఇంజనీరు. నాకు తమ్ముడి లాంటివాడు. ఏ సినిమా అని కళ్లతో అడిగాను.

అది బట్టల క్లిప్పు తీసి మళ్లీ పెట్టింది. "నీ హీరోయిన్‌దే. ఈసారి ఇంకా చిన్న గొంతు కావాలన్నారట."

కబురు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

నా కూతురు! ఆ గొంతు నా గొంతులోంచి వచ్చిందే! ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ వెంటనే ఎక్కడో చురుక్కుమంది. నాకు ముందే ఎందుకు చెప్పలేదే అని అరవాలనిపించింది. మూడూ ఒకేసారి గుండె దాకా వచ్చి ఇరుక్కున్నాయి. మధ్యమ అంటే ఇదేనేమో. వ్రతం గుర్తొచ్చి పళ్లు బిగించాను. బకెట్ తీసుకుని లోపలికొచ్చేశాను.

వెనక్కి తిరిగి చూస్తే పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

అక్టోబర్ 28, మంగళవారం

గొప్ప ఆలోచన! మైకు ముందు మాట్లాడవచ్చు కదా. ఫోన్‌లో ఉన్నదీ మైకే కదా! వంటింట్లోంచి హాల్లోకి వాయిస్ మెసేజీలు పంపాను. మావారు ఒక్కొక్కటీ స్పీకర్‌లో పెట్టి విన్నారు.

"పద్మా, మనిద్దరి మధ్యా ఒక్క గోడే ఉంది. ఇదంతా గోడ దాటి వినపడుతూనే ఉంది" అన్నారు.

అత్తయ్య ఒప్పుకోలేదు. అయితే హీరోయిన్ గొంతుతో మాట్లాడతానని, అదే గొంతు పెట్టి "అత్తయ్యగారూ, కూర మాడిపోతోందండీ" అన్నాను. ఆవిడ పకపకా నవ్వారు. నవ్వారంటే ఒప్పుకున్నట్టే.

హరిణికి మాత్రం ఒక్క మెసేజీ పంపలేదు. ఏ గొంతుతో పంపాలో తెలియలేదు.

అక్టోబర్ 30, గురువారం

హరిణి సరిగ్గా తినడం లేదు. స్నానాల గదిలో పాట లేదు. సాయంత్రం నా ముందుకొచ్చి నిలబడింది.

"ప్రశాంతత కోసం వ్రతమన్నావు. ఇదేం ప్రశాంతతమ్మా? నన్ను వెలేసినట్టుంది. వద్దనుకుంటే వద్దని చెప్పు, మానేస్తా."

తల గట్టిగా అడ్డంగా ఊపాను. మానెయ్యొద్దని నా ఉద్దేశం. వెళ్లొద్దంటున్నానని అది అనుకుంది. ఏడుస్తూ గదిలోకి వెళ్లిపోయింది.

"లోపలంతా కేకలు పెట్టుకుంటూ పెదాలు కుట్టేసుకుంటే అది వ్రతం కాదే, పంతం" అన్నారు అత్తయ్య. సంకల్పం చేశాక మధ్యలో వదిలితే దోషమని పలక మీద రాశాను. ఆవిడ పలక అందుకుని, అంతా చెరిపేసి, నా చేతికిచ్చి వెళ్లిపోయారు.

అంతలో తిరుమలేశ్ ఫోను. మావారు స్పీకర్‌లో పెట్టారు.

"అక్కా, ఫికర్ చెయ్యకండ్రి, మీకు గూడ పనున్నది. హీరోయిన్ వాళ్లమ్మ పాత్ర. శనివారం జర వస్తరా?"

అమ్మ పాత్ర! నాకు! పిడికెడు బిస్కెట్లు ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను, మాట బయటికి రాకుండా.

నవంబర్ 1, శనివారం

వెళ్లాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆటోలో తల్లీకూతుళ్లం చెరోవైపు చూస్తూ కూర్చున్నాం.

ముందు హరిణి సీను. ఆసుపత్రి వరండాలో హీరోయిన్ ఏడవాలి. రికార్డింగ్ గది అద్దం అవతల అది ఒక్కతే, పెద్ద హెడ్‌ఫోన్లలో చిన్న ముఖం. ఇవతల తిరుమలేశ్, పక్కన నేను. టేకు మీద టేకు. ఒక్కటీ కుదరలేదు.

"అమ్మా హరిణీ, జర ఏడువు తల్లీ. గది ఏడ్సినట్టు లేదు, దగ్గినట్టున్నది" అన్నాడు తిరుమలేశ్. నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "ఇంకొక్కసారి చూస్త అక్కా. గాకుంటే వేరే పిల్లను పిలుస్తమని డైరెక్టర్ సారు చెప్పిండు."

అద్దంలోంచి చూస్తున్నాను. భుజాలు బిగించేసింది. ఊపిరంతా మెడ దగ్గరే ఆగిపోతోంది. తప్పెక్కడుందో నాకు తెలుసు. ఆ గదిలో నాకే తెలుసు! ఇంకా పలకెందుకు? లోపలి గదికి మాట వినిపించే బటన్ నా ముందే ఉంది. నొక్కేశాను.

"హరిణీ! మెడలోంచి కాదే! బొడ్డు దగ్గర్నుంచి తియ్యి! ముందు ఊపిరి, తర్వాత ఏడుపు, మాట ఆఖర్న!"

తిరుమలేశ్ కుర్చీలోంచి లేచాడు.

"అక్కా! మీ వ్రతం!"

"పోయింది, పోనీ! హరిణీ, నువ్వు సెలెక్టయ్యావని విన్న క్షణంలో నాకు గంతెయ్యాలనిపించిందే! నీ మీద కోపం లేదు. కొంచెం ఉంది, నాకు ముందే చెప్పనందుకు. అసూయ కూడా ఉంది, అది నా సంగతి, నేను చూసుకుంటా. నువ్వు మానేస్తే మాత్రం కాళ్లు విరగ్గొడతా!"

అద్దం అవతల పిల్ల నోరు తెరుచుకుని వింది. ముఖం ముడుచుకుపోయింది. తర్వాత మొదలైంది ఏడుపు! అబ్బ, ఏం ఏడుపది! ఎక్కడో అడుగు నుంచి లేచి, గుండె దగ్గర తడబడి, గొంతులోకొచ్చి విరిగింది.

"రికార్డ్ నొక్కు తిరుమలేశ్!" అని అరిచాను.

"నొక్కిన అక్కా, నొక్కిన!" అతనూ కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఓకే అయింది! తర్వాత నేను లోపలికెళ్లి దాని పక్కన నిలబడ్డాను. తల్లి పాత్రకు ఒకటే మాట. "ఏడవకే, నేనున్నాను." హరిణి నా కొంగు చివర పట్టుకుని నిలబడింది. మొదటి టేకుకే ఓకే.

"అక్కా, మీ గొంతు తోమిన గంట లెక్క ఉన్నది. ఏం తాగిన్రు?" అన్నాడు తిరుమలేశ్.

ఏమీ తాగలేదు నాయనా. నోరు మూసుకున్నానంతే.

నవంబర్ 2, ఆదివారం

పూర్తిగా కూలిపోయింది. వ్రతం ఆనవాలు కూడా మిగల్లేదు. నిన్న ఇంటికొచ్చేటప్పుడు ఆటో అతనికి మొత్తం కథ చెప్పాను. "బాగైంది తియ్ మేడం, గిట్ల మాట్లాడుకుంటెనే ఇల్లు మంచిగుంటది" అన్నాడు. లిఫ్టులో ఇద్దరికి చెప్పాను. మావారికి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి మొదలుపెడితే ఆయన లేచి, "పద్మా, ఇంకో పాపం కూడా ఒప్పుకుంటా, కాసేపు ఆపు" అన్నారు.

హరిణి, నేను పొద్దున్నుంచీ డైనింగ్ టేబుల్ దగ్గరే ఏడుస్తూ కూర్చున్నాం. అంటే, సాధన. రకరకాల ఏడుపులు. పెళ్లి ఏడుపు, కోపం ఏడుపు, ఏడవకూడదనుకుంటూ ఏడ్చే ఏడుపు. మధ్యమధ్యలో నవ్వు.

"ఇల్లు ఎంత చల్లగా ఉండేది" అని అత్తయ్య గోడతో చెప్పుకున్నారు.

నవంబర్ 5, బుధవారం. కార్తీక పౌర్ణమి

మళ్లీ మొదలు! నెల ఇంకా సగం ఉంది!

ఈసారి పేరాశ లేదు. రోజూ సాయంత్రం తులసి దగ్గర దీపం వెలిగించి, అది వెలుగుతున్నంతసేపు మౌనం. అంతే. హరిణి విషయమైనా, ఇంకెవరి విషయమైనా, చెప్పాల్సింది ముందే చెప్పేసి కూర్చోవాలి. దేన్నీ లోపల అట్టేపెట్టుకుని కూర్చోకూడదు.

"నెలంతా నీ వల్ల కాలేదు. నీతో నేనూ కూర్చుంటా, మౌనమంటే ఎలా ఉంటుందో చూద్దువుగాని" అన్నారు అత్తయ్య. ఇద్దరం బాల్కనీలో తులసి ముందు చాప మీద కూర్చున్నాం. వత్తుల కట్ట వెలిగించాం. ఎదురుగా బండరాళ్ల మీద చంద్రుడు. ఎంత హాయి!

లోపల హరిణి రేపటి సీను సాధన చేస్తోంది. ఒక్కసారిగా పెద్ద పెట్టున ఏడుపు అందుకుంది. బొడ్డు దగ్గర్నుంచే!

తలుపు దబదబా బాదారెవరో. మావారు తీశారు. కింది ఫ్లాటు లీలాకుమారిగారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందండీ? ఎవరికేమైంది?"

మావారు చెప్పబోతే హరిణి ఇంకో ఏడుపు ఎత్తుకుంది. ఆవిడ నేరుగా బాల్కనీలోకి వచ్చేశారు. దీపం ముందు కదలకుండా కూర్చున్న మా ఇద్దర్నీ చూశారు. గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"అయ్యో అయ్యో! పద్మప్రియగారూ, ఎవరండీ పోయింది? చెప్పండి!"

నేను దీపం వైపు చూశాను. నిండా నూనె. పెదాలు బిగించాను. కడుపులోంచి నవ్వు తన్నుకొస్తోంది. అత్తయ్య నా వైపు చూశారు. నేను అత్తయ్య వైపు చూశాను. లీలాకుమారిగారు అత్తయ్య చేతులు పట్టుకుని ఓదార్చడం మొదలుపెట్టారు.

"ఎవరూ పోలేదే తల్లీ! మా మనవరాలికి సినిమా వచ్చింది!" అన్నారు అత్తయ్య. అని ఊరుకున్నారా? వాయిస్ టెస్ట్ నుంచి మొదలుపెట్టి మొత్తం చెబుతున్నారు, నేనైనా అంత వివరంగా చెప్పలేదు.

దీపం ఇంకా వెలుగుతోంది. నేను మాత్రం నోరు విప్పలేదు. చాప మీదికి డైరీ తెచ్చుకుని ఇదంతా రాస్తున్నాను. డైరీ రాసుకోవడం లెక్కలోకి రాదట. అత్తయ్యే చెప్పారు, ఇప్పుడే, కథ మధ్యలో ఆగి, నోటితోనే!