నవంబరు దాకా ఆగకుండా

ఆష్లాండ్, జూన్ 3

ప్రియమైన ఆర్లీన్,

ఇవాళ దుప్పట్లు ఉతికాను, పన్నెండు సీసాల జామ్‌కి మూతలు బిగించాను, మెట్ల కింద గూడు సర్దాను. ఆ పైన నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను.

కంపెనీ ఆరోగ్య బీమా ఈ నెల నుంచి మానేశానని ఒక్క ముక్క రాశావు. కాగితాలివ్వడానికి ఎవరెట్ కారులో తీసుకెళ్ళాడని రెండు పేరాలు రాశావు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ మిల్లు బీమా కాగితాలు నింపింది నేనే. నవంబరులో తప్ప మధ్యలో మానతానంటే ఆఫీసువాళ్ళు ఒప్పుకోరు. పెళ్ళయి మొగుడి బీమాలో చేరితే మాత్రం ఒప్పుకుంటారు. ఎవరెట్‌ది రైల్వే ఉద్యోగం, మంచి బీమా.

ప్రతి శుక్రవారం ఇక్కడ నా బల్ల దగ్గర చేపల వేపుడు తిని, శనివారం మీ ఊళ్ళో కూతురింటికని బయల్దేరతాడు. వెళ్ళేది కూతురింటికేనా?

నీ లోర్నా

వాసా, జూన్ 6

ప్రియమైన లోర్నా,

పెళ్ళా? ఈ మోకాళ్ళతోనా? మానడానికి వేరే కారణం ఉంది. కాగితం మీద రాయలేను, 24న నా పుట్టినరోజుకి మీ ఇంటికి వచ్చినప్పుడు చెప్తాను. ఎవరెట్‌కి తెలుసు గానీ అడక్కు, ఒట్టు వేయించుకున్నాను.

నీ ఆర్లీన్

ఆష్లాండ్, జూన్ 9

ఆర్లీన్,

'ప్రియమైన' రాయలేదు, చూసుకో. నిన్న ఎవరెట్‌ని అడిగాను. "ఆవిడ సంగతి ఆవిడనే అడుగు లోర్నా, నన్నెందుకు ఇరికిస్తావు" అని చేపముక్క నోట్లో కుక్కుకుని నవ్వాడు. తినేది నా బల్ల మీద, దాచేది నీ గుట్టు.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. శుక్రవారం అతనొస్తాడని మంగళవారమే బల్లగుడ్డ ఇస్త్రీ చేసి పెడతాను. శీతాకాలమంతా నా వాకిట్లో మంచు ఎత్తిపోసిన మనిషి అతను.

ఒకే నెల, ఒకే ఈడు అని పందొమ్మిదేళ్ళుగా ఒకే కేకు కోస్తున్నాం. ఈసారి చెయ్యను.

లోర్నా

వాసా, జూన్ 13

ప్రియమైన లోర్నా,

సరే, విను. అరవై అయిదు వచ్చినవాళ్ళకి సర్కారు బీమా ఇస్తుంది. అందులో చేరితే నవంబరు దాకా ఆగకుండా కంపెనీది మానెయ్యొచ్చు. ఈ 24తో నాకు అరవై అయిదు నిండుతాయి.

మనం చర్చి కుట్టుబృందంలో చేరిన రోజు నువ్వు ముప్పై తొమ్మిది అన్నావు. నలభై ఆరేళ్ళ నేనూ అంతే అన్నాను. అందరూ నమ్మారు, ఇంక వెనక్కి తీసుకునే సందు దొరకలేదు. నా పుట్టిన తేదీ కాగితం చూసి ఎవరెట్ కారు పక్కకాపి మరీ నవ్వాడు.

దారి పొడుగునా మాట్లాడింది నీ గురించే. నీ రై రొట్టె, నీ బల్లగుడ్డ. "ఇంకో ఏడాది చేపలు తింటే గానీ అడిగే ధైర్యం వచ్చేట్టు లేదు, ఆవిడతో అనకు" అన్నాడు. ఇద్దరి గుట్లు మొయ్యడం ఈ వయసులో నావల్ల కాదు.

నీ ఆర్లీన్

ఆష్లాండ్, జూన్ 16

ప్రియమైన ఆర్లీన్,

ఇవాళ వరండా కడిగాను, కేకుకి వెన్న కొన్నాను, ఎవరెట్ చొక్కాకి గుండీ కుట్టాను. నిన్న అతను తినడం అయ్యాక నేనే అన్నాను: "ఇంకో ఏడాది ఊరికే చేపలు వేయించలేను. ఏదో ఒకటి తేల్చు." "తేల్చేశాను లోర్నా, ఇంకో ముక్క వెయ్యి" అన్నాడు.

పెళ్ళి ఆగస్టులో. అతని బీమాలో చేరడానికి నేనూ నవంబరు దాకా ఆగనక్కర్లేదు. కాగితం నేనే నింపుతాను.

ఇకమీదట శనివారాలు నేనూ వస్తాను. కారులో ముందు సీటు నాది.

ఏటా నీకు ఏడు కొవ్వొత్తులు తక్కువ గుచ్చుతూ వచ్చాను. ఆ ఏడూ ఇవాళ కొన్నాను. బాకీ చెల్లు.

నీ లోర్నా