“అవసరం కనబడలేదు” అన్న వాక్యంపై అభ్యంతరం

రాష్ట్ర ఉన్నత విద్యా మండలి కార్యదర్శి శ్రీ వెండెల్ ఆస్ట్రాండర్ గారి సముఖమునకు,

టామరాక్ కౌంటీ, హెరాన్ బే నివాసి, ఆన్నికా సాల్మెలా, వయస్సు ఇరవై నాలుగు, వ్రాసుకొను అర్జీ.

విషయం: టామరాక్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆస్టియోపతి వైద్య కళాశాల స్థాపన – అక్టోబరు 3వ తేదీ బహిరంగ విచారణ నివేదికను పక్కన పెట్టి, విచారణ తిరిగి జరిపించుట గురించి.

అయ్యా,

తమ మండలి వచ్చే గురువారం సమావేశమై, ఈ కళాశాలను మాకు మంజూరు చేయాలా వద్దా అన్నది తేల్చనున్నట్లు తెలియవచ్చినది. తమ ముందున్న నివేదికలో “స్థానికంగా వైద్యుల అవసరం కనబడలేదు” అని ఉన్నది. ఆ వాక్యం తప్పు. ఆ తప్పు రాసినవారిది కాదు, నాది. అది దిద్దుకొనుటకే ఈ అర్జీ. ఇది ఏడో ప్రతి. మొదటి ఆరింటిలోనూ నా తప్పు సంగతి చివరి పేరాలో పెట్టాను. అది సబబుగా తోచలేదు.

1. మా నాన్న గారు రాయ్ సాల్మెలా దుంగల లారీ నడుపుతారు. అమ్మ స్కూలు బస్సు నడుపుతుంది. మా ఇంట్లో హైస్కూలు దాటి చదివిన మొదటి మనిషిని నేను. జీవశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ప్రస్తుతం ఈ కళాశాల కోసమే విశ్వవిద్యాలయంలో తెరిచిన చిన్న కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. కళాశాల వస్తే మొదటి బ్యాచిలో సీటుకు దరఖాస్తు పెట్టుకుంటాను. నాకు ఇందులో స్వార్థం లేదని రాస్తే అబద్ధమవుతుంది కనుక రాయడం లేదు. ఈ అర్జీ మాత్రం కార్యాలయం తరఫున కాదు. నన్నెవరూ రాయమనలేదు.

2. విచారణకు జనాన్ని పిలిచే పని నాకు అప్పగించారు. అరవై మూడు ఇళ్ళకు ఫోను చేశాను. ప్రతి ఇంటికీ ఒకటే చెప్పాను: “రాజధాని నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. మంచి బట్టలు వేసుకుని రండి. మన ఊరి పరువు నిలబెట్టండి.” ఆ చివరి మాట నేను అనకుండా ఉండవలసింది.

విచారణ రోజున చర్చి కింది హాలులో నలభై ఒక్కమంది కూర్చున్నారు. తమరు పంపిన అధికారి ఓపికగా ఒక్కొక్కరినీ మైకు దగ్గరికి పిలిచారు. మా మేనత్త ఎల్మా వంతు వచ్చినప్పుడు జరిగిన సంభాషణ నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

“ఏమమ్మా, ఇక్కడ వైద్యానికి ఇబ్బంది పడుతున్నారా?”

“ఇబ్బందేముందండీ. నడిచిపోతోంది.”

“డాక్టరు కోసం ఎంత దూరం వెళ్ళాలి?”

“కొంచెం దూరమే. కారుంది కదా.”

“మరి మీ ఒంట్లో ఎలా ఉంది?”

“నాకేం, దుక్కలా ఉన్నాను. మీరే చిక్కిపోయినట్టున్నారు. ఆ మాంసం పాస్టీ వేడి మీద ఉండగానే తినండి.”

హాలంతా నవ్వారు. ఆ “కొంచెం దూరం” తొంభై నాలుగు మైళ్ళు. ఇరవై తొమ్మిదిమంది మైకు ముందు నిలబడ్డారు, ఇరవై తొమ్మిదిమందీ బాగానే ఉన్నామన్నారు. అధికారి గారు విన్నదే రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు మా వాళ్ళు ఆయనకు పాస్టీలు డబ్బాలో కట్టి ఇచ్చారు కూడా. నేను హాలు వెనక కుర్చీలు సర్దుతూ, అంతా మర్యాదగా జరిగిపోయిందని సంతోషించాను.

3. ఆ శనివారం ఎల్మా అత్త ఇంట్లో ఆవిరి స్నానాల గదికి వెళ్ళాము. శనివారం ముందు ఆడవాళ్ళ వంతు, తరవాత మగవాళ్ళది. కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోయడం ఎప్పుడూ అత్త పనే. ఆ రోజు గరిటె నా చేతికిచ్చింది.

“నువ్వు పొయ్యవే అమ్మడూ.”

“ఎప్పుడూ నువ్వే కదత్తా పోసేది?”

“ఈ చెయ్యి భుజం దాటి లేచి ఏడాదిన్నరయింది.”

పక్కింటి వెర్నా గారు కళ్ళు తెరిచారు. “అందుకా జుట్టు కత్తిరించుకున్నావ్? ఈ వయసులో ఈవిడకి షోకులేమిటో అనుకున్నాను.”

“దువ్వుకోడానికి చెయ్యందక. షోకట, షోకు.”

“మరి మొన్న ఆయన అడిగితే దుక్కలా ఉన్నానన్నావేం అత్తా?” అన్నాను.

“ముక్కూ మొహం తెలీని మనిషి. అందులోనూ మనూరికొచ్చిన మనిషి. ఆయన్ని కూచోబెట్టి నా భుజం గోల చెప్పుకోమంటావా? పరువు నిలబెట్టమని ఫోను చేసింది నువ్వే కదే.”

నేను రాళ్ళ మీద ఇంకో గరిటె నీళ్ళు పోశాను.

4. మా వాళ్ళు అబద్ధమాడే మనుషులు కారని మనవి. వచ్చిన అతిథి ముందు ఒంటి బాధ ఏకరువు పెట్టడం మా దగ్గర మర్యాద కాదు. ఆ సంగతి పుట్టినప్పటి నుంచి తెలిసిన నేను, వాళ్ళను మైకు ముందు నిలబెట్టి “ఎలా ఉన్నారు” అని అడిగించడానికి ఒప్పుకున్నాను. నా చదువు నాకు ఈ పాటి కూడా చెప్పలేదు.

5. మరుసటి సోమవారం నుంచి పదకొండు రోజులు, పని అయ్యాక, ఇంటింటికీ తిరిగాను. బాగున్నారా అని ఎవరినీ అడగలేదు. “ఈ మధ్య ఏ పని మానేశారు?” అని మాత్రమే అడిగాను. ముప్పై ఎనిమిది ఇళ్ళవాళ్ళు జవాబు చెప్పారు. అన్నీ జతపరిచాను. ఇక్కడ రెండు మాత్రం ఉదహరిస్తాను.

హార్వే నీమినెన్ గారు, డెబ్బై ఒకటి: “కారు వెనక్కి తియ్యడం మానేశాను. మెడ తిరగదు. ఎక్కడికెళ్ళినా ముందుకే పోయేలా చూసి ఆపుకుంటాను. పోస్టు డబ్బాని మూడుసార్లు గుద్దాక తెలివొచ్చింది.”

డీనా పెల్టో, ఇరవై ఆరు, ఎనిమిదో నెల గర్భిణి: “ఇంట్లో పడుకోవడం మానేశాను. ఆస్పత్రి దగ్గరుండాలని పిన్నిగారింట్లో సోఫా మీద పడుకుంటున్నా. ఇవాళ బట్టల కోసం వచ్చాను. నువ్వు అదృష్టవంతురాలివి, దొరికాను.”

మా నాన్న గారినీ అడిగాను. “నేనేం మానలేదు. లారీ తోలుతున్నానుగా,” అని బయటికి వెళ్ళి కట్టెలు కొట్టడం మొదలుపెట్టారు.

6. ఈ కళాశాలలో చదివినవారు మిగతా వైద్యుల్లాగే మందులు రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు. దానికి తోడు వెన్ను, కీళ్ళు, కండరాలు చేత్తో పట్టి చూసే విద్య నేర్చుకుంటారు. చివరి రెండేళ్ళూ మా కౌంటీ క్లినిక్కుల్లోనే పనిచేస్తారు. నొప్పి ఉందని నోటితో చెప్పని మనుషులకు, భుజం మీద చెయ్యి వేసి తెలుసుకోగల వైద్యుడు కావాలి. మా అవసరం నివేదికలో కనబడకపోవడమే, అయ్యా, ఆ అవసరానికి రుజువు. ఈ మాట ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాలేదు. ఏడు ప్రతుల్లోనూ ప్రయత్నించాను.

కావున నా ప్రార్థన: గురువారం తుది నిర్ణయం వాయిదా వేసి, విచారణ మరొక్కసారి జరిపించవలెను. ఈసారి హాలు, మైకు వద్దు. ఒక శనివారం ఒక సభ్యురాలినీ ఒక పురుష అధికారినీ పంపినచో, వారి వారి వంతుల్లో మా ఆవిరి గదిలో కూర్చోబెట్టుకుంటాము. ఆరుగురు పడతారు. తువ్వాళ్ళు మేమే ఇస్తాము. కాగితాలు తడుస్తాయి కనుక బయటికి వచ్చాక రాసుకోవచ్చును. ఈ పేరా కొట్టేయమని ఇద్దరు స్నేహితులు చెప్పారు. వాళ్ళిద్దరూ ఈ ప్రాంతం వాళ్ళు కారు.

నా తొందరపాటుకు మా కౌంటీని శిక్షించక, పై సంగతులు చిత్తగించి నివేదికను తిరిగి తెరిపించవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
ఆన్నికా సాల్మెలా

తా.క.: సాక్షి సంతకం కోసం దీనిని నాన్న గారి ముందు పెట్టాను. నిలబడే రెండుసార్లు చదివారు. సంతకం చోట సంతకం పెట్టక, కాగితం అడుగున పెన్సిలుతో ఇలా రాశారు:

“మా అమ్మాయి రాసింది నిజం. జూలై నుంచి నా కుడి పాదం తిమ్మిరి. బ్రేకు మీద కాలు ఉందో లేదో వంగి చూసుకుంటే గాని తెలియడం లేదు. వెనక నలభై టన్నుల దుంగలుంటాయి. మా దారిలో స్కూలు బస్సు కూడా తిరుగుతుంది. ఎవరికీ చెప్పలేదు. రాయ్ సాల్మెలా.”

మాకు చెప్పని మాట తమకు రాశారు. లారీ తాళాలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. తొంభై నాలుగు మైళ్ళ అవతల ఆస్పత్రివారు గురువారం ఉదయం తప్ప ఖాళీ లేదన్నారు. అందుచేత ఆ రోజు సమావేశంలో మాట్లాడుటకు తమరు దయతో నాకు కేటాయించిన మూడు నిమిషాలకు నేను హాజరు కాలేను. నా పేరు పిలిచినప్పుడు, ఆ మూడు నిమిషాల్లో పైన ఆయన రాసినది ఎవరిచేతనైనా బిగ్గరగా చదివించగలరు.