నీ చేతికి తుపాకీ ఇచ్చారు

అన్నా,

యుద్ధంలో నీ ఓడ మునిగి నేటికి పదిహేనేళ్లు. ఇవాళ నాగిరెడ్డిపేట బస్టాండులో నీ సిమెంటు విగ్రహం పెట్టారు. నేవీలో పనిచేసిన నీకు మిలిటరీ బట్టలు తొడిగి, చేతిలో తుపాకీ పెట్టారు. ఇదేమిటని, దాన్ని చేసిన కామారెడ్డి శిల్పిని అడిగాను.

"ఓడలోళ్ల బొమ్మ ఎవ్వలడుగుతరమ్మా? సిపాయి అచ్చు తయారుగున్నది, గదే పోసిన" అన్నాడు, సిగ్గు లేకుండా.

సెలవుకొచ్చినప్పుడు నువ్వు మన మేకల చుట్టూ తిరిగే కుక్కను చూపించి చెప్పేవాడివి. "మా ఫ్రిగేటు ఓడది గిదే పని చెల్లే. సరుకు ఓడల సుట్టూ కావలి తిరుగుతది. నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని నీళ్ల కింద సబ్‌మెరైన్ సప్పుడు ఇంటుంట."

ఇప్పటి ఫ్రిగేట్ల మీద హెలికాప్టర్ దిగుతుందట. ముందే ఎగిరివెళ్లి సబ్‌మెరైన్లను వెతుకుతుందట. పేపర్లో చదవగానే నీకు చెప్పాలనిపించింది.

విగ్రహం ఆవిష్కరించిన నాయకుడికీ కావలి ఉంది. ముందు రెండు జీపులు, వెనుక మూడు. నీకోసం ఎండలో నిలబెట్టిన బడిపిల్లలను ఆ జీపులే రోడ్డు కిందికి తోశాయి. "తుపాకీతో శత్రువులను చీల్చిన వీరుడు" అని ఆయన నిన్ను పొగిడాడు. విగ్రహం కింది పలక మీద ఆయన పేరే పెద్దది.

అందరూ పోయాక మన అవ్వ విగ్రహం చెవులు తడిమి చూసింది. తెచ్చిన బంతిపూల దండను మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"గీనె ఎవలో బిడ్డా. మనోడు ఇంట్ల ఫోటోల ఉన్నడు, పోదాం పా" అంది.